కోతల కాలంలో పోటీలు పెడితే మనవాళ్లు ఎక్కడుంటారు?



"ఆటల్లోకి రాజకీయాలు తీసుకురావద్దు తమ్ముడూ" అనే మాట మీరూ వినే ఉంటారు. హాస్టల్ పిల్లలకి గ్రౌండ్ లేదు సార్ అంటే ఈ మాట. జిల్లా టీములో మన కాలనీల పిల్లలు ఎందుకు కనపడరు అని అడిగితే మళ్లీ ఇదే మాట. అనేవాళ్లందరూ చెడ్డవాళ్లని నేను అనను. సొంత జీతంలోంచి పిల్లలకి బూట్లు కొనిపెట్టే పీఈటీ సార్లు కూడా అంటారు. వాళ్ల నమ్మకం ఏంటంటే, సున్నం గీత గీసి విజిల్ ఊదాక కులం ఉండదు, డబ్బు ఉండదు, ఊరు పేరు ఉండదు, కాళ్లల్లో బలం ఎవరికుంటే వాడే ముందుంటాడు.

విజిల్ ఊదాక సంగతి సరే. విజిల్ ఊదే టైముకి ఆ గీత దగ్గర ఎవరెవరు నిలబడి ఉన్నారు? మన పేచీ అక్కడ.

అయినా ఈ "రాజకీయాలు వద్దు" అనే మాట ఎవరికి వర్తిస్తుందో ముందు చూద్దాం. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ టీముకి కెప్టెన్ మన తెలుగు రాజుగారే, విజయనగరం మహారాజకుమార్. విజ్జీ అనేవాళ్లు. మూడు టెస్టుల్లో ఆయన కొట్టింది మొత్తం 33 పరుగులు. అదే టూర్లో మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరు చెప్పి మధ్యలోనే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఆ కెప్టెన్సీ బ్యాటుతో వచ్చింది కాదు, దర్బారుతో వచ్చింది. తర్వాత ఆయనే బీసీసీఐ అధ్యక్షుడు కూడా అయ్యాడు. అప్పుడు ఆటలోకి రాజకీయాలు తెచ్చింది మనమా?

పాత కథ అంటారేమో. అయితే 2024 చూడండి. హనుమ విహారి ఇండియాకి 16 టెస్టులు ఆడినవాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడి మ్యాచ్ కాపాడినవాడు. ఆంధ్ర రంజీ టీముకి కెప్టెన్. సీజన్లో బెంగాల్‌తో మొదటి మ్యాచ్ అయ్యాక కెప్టెన్సీ వదిలేశాడు. అప్పుడు వ్యక్తిగత కారణాలన్నారు. ఫిబ్రవరి 26న, క్వార్టర్ ఫైనల్లో మధ్యప్రదేశ్ చేతిలో నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయాక, అసలు మాట బయటపెట్టాడు. టీములో 17వ ఆటగాడిని ఒక మాట అన్నందుకు, ఆ కుర్రాడి తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో, అసోసియేషన్ తనని రాజీనామా చెయ్యమందని, ఇక ఆంధ్రకి ఆడనని రాశాడు. ఆ కుర్రాడు కాదన్నాడు. విహారి బూతు మాటలన్నాడని తమకు ఫిర్యాదు వచ్చిందని అసోసియేషన్ అంది. ఎవరిది ఎంత నిజమో పక్కన పెట్టండి. జూన్‌లో ప్రభుత్వం మారింది. మారిన కొద్దిరోజులకే విహారి మంత్రి నారా లోకేశ్‌ని కలిసి, మళ్లీ ఆంధ్రకి ఆడతానన్నాడు. సెప్టెంబరుకల్లా ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ అధ్యక్ష కుర్చీలో విజయవాడ ఎంపీ కేశినేని శివనాథ్ గారు కూర్చున్నారు. టెస్టులు ఆడిన మనిషి పోవడమూ రావడమూ సచివాలయంలో ఏ జెండా ఉందో దాన్నిబట్టి జరిగాయి.

ఆ పార్టీ మంచిది, ఈ పార్టీ చెడ్డది అని చెప్పడానికి ఇదంతా రాయలేదు. మంగళగిరి స్టేడియం గేటు రెండు పార్టీలకీ తెలుసు. ఆ గేటు తెలియంది మనకే. పదహారు టెస్టులవాడే తన మాట చెల్లించుకోవడానికి ప్రభుత్వం మారేదాకా ఆగాల్సి వస్తే, క్రోసూరు పక్క తండా కుర్రాడు, రేపల్లె పక్క యానాది కాలనీ పిల్ల ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకోవాలి?

ఇప్పుడు మన ఊళ్లకి రండి.

2023 డిసెంబరు 26న గుంటూరు పక్కనే నల్లపాడులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు "ఆడుదాం ఆంధ్రా" మొదలుపెట్టారు. గ్రామ సచివాలయం నుంచి మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం దాకా పోటీలు. ఫిబ్రవరి 13న విశాఖలో ముగిశాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఖర్చుల మీద, కిట్ల మీద విజిలెన్స్ విచారణ పెట్టింది. పేపర్లో మనం చదివిన గొడవంతా ఆ డబ్బు గురించే. ఒక్కరు కూడా తేదీల గురించి అడగలేదు.

డిసెంబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా మనం ఎక్కడుంటాం? మీకు నేను చెప్పక్కర్లేదు. పత్తి ఆఖరి తీతలు. వెనకే మిరప కోతలు. తెల్లారకముందే ముఠా మేస్త్రీ ఆటో వచ్చి రోడ్డు మీద హారన్ కొడుతుంది. పదిహేనేళ్లు దాటిన ఆడపిల్ల, మగపిల్లాడు అందరూ అందులోనే. ప్రకాశం పడమటి మండలాల నుంచి, కర్నూలు వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు మూటా ముల్లె కట్టుకొని ఇటు వచ్చేస్తాయి. పొలం గట్టునే పట్టాలు వేసుకొని మూడు నెలలు. సాయంత్రానికి చేతులు మండుతుంటాయి, ముఖం తుడుచుకుంటే కళ్లు మండుతాయి. కల్లంలో కాయ ఆరబోసి, తాలు ఏరి, బస్తాలు తొక్కేదాకా పని ఉంటుంది. సరిగ్గా అప్పుడే సచివాలయం దగ్గర ఫ్లెక్సీ కట్టి, "యువతా రండి, ఆడండి" అన్నారు. సొంత ఊరి సచివాలయంలో పేరు నమోదు చేసుకోవాలంటే, మన కుర్రాడు సొంత ఊళ్లోనే లేడు. ఊళ్లో ఉన్నవాడు ఒక రోజు ఆటకి పోతే ఒక రోజు కూలి పోతుంది. గెలిస్తే మండలానికి, అక్కడ గెలిస్తే నియోజకవర్గానికి, ఇంకో రెండు రోజులు. గెలిచేకొద్దీ నష్టం పెరిగే ఆట ఎవడాడతాడు?

పోటీ పెట్టిన ఆటలు చూడండి. క్రికెట్, వాలీబాల్, బ్యాడ్మింటన్, కబడ్డీ, ఖోఖో. ఐదు. కబడ్డీ, ఖోఖో మనవే, సంతోషం. కానీ పరుగు పందెం ఒక పోటీ ఆటగా లేదు, బరువులెత్తడం లేదు, విలువిద్య లేదు. బ్యాడ్మింటన్ కోర్టు మన ఏ కాలనీలో ఉందో నాకు చూపించండి, వచ్చి దండం పెడతాను.

తేదీలు పెట్టినవాళ్లు కావాలని చేశారని నేను అనడం లేదు. మనం వాళ్ల లెక్కలోనే లేము. క్యాలెండర్ ముందు పెట్టుకొని కూర్చున్న ఆ గదిలో మిరప కోసిన చెయ్యి ఒక్కటున్నా, "సార్, జనవరి వద్దండి" అనేది. ఆ ఒక్క మాట అనే మనిషి గదిలో లేకపోవడాన్నే నేను రాజకీయం అంటున్నాను.

(సంక్రాంతి బండలాగుడు పోటీల మాట ఒకటి. ఒంగోలు గిత్తల పందేలకి చందాలు లక్షల్లో వస్తాయి, మైకులో యజమాని పేరు, ఊరు, ఇంటిపేరు పదిసార్లు చదువుతారు. ఏడాది పొడుగునా ఆ గిత్తకి దాణా పెట్టి, కడిగి, తిప్పిన పాలేరు పేరు ఒక్కసారైనా విన్నారా? నేనైతే వినలేదు. మన జిల్లాల్లో ఆటంటే ఎవరిదో అక్కడే తెలిసిపోతుంది.)

ఇంత జరిగినా మనలోంచి వచ్చినవాళ్లు లేరా అంటే, వచ్చారు. బాపట్ల పక్కన స్టువర్టుపురం ఉంది కదా. ఆ ఊరి కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో పెరిగాడు. 2014లో చైనాలోని నాన్జింగ్‌లో యూత్ ఒలింపిక్స్, 77 కిలోల విభాగంలో వెండి పతకం. 2018 ఏప్రిల్ 7న ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో కామన్వెల్త్ క్రీడలు, 85 కిలోల విభాగం. స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు. రెండో స్థానంలో వచ్చిన సమోవా ఆటగాడు ఒపెలోగె 331 దగ్గర ఆగిపోయాడు. బంగారం మనది.

187 కిలోలంటే ఎంతో మిర్చి యార్డులో మోసే అన్నల్ని అడగండి. నాలుగు టిక్కీలు పైన ఇంకొంచెం. నాలుగు టిక్కీలు ఒక్కసారి నేల మీద నుంచి లేపి తల మీదికి ఎత్తి నిలబడ్డం.

ఆ రోజు మనం సంబరపడ్డాం. కానీ ఆ పతకం మీద వచ్చిన కథనాలు గుర్తు తెచ్చుకోండి. చాలావాటిలో కుర్రాడి పేరు కంటే ముందు ఊరి పాత ముద్ర వచ్చింది. దొంగల ఊరు, దొంగల ఊరి నుంచి బంగారం. రాసినవాళ్లు మెచ్చుకుంటున్నామనే అనుకున్నారు. గుంటూరు నుంచో తెనాలి నుంచో ఒకడు పతకం తెస్తే, ఆ ఊళ్లో ఎన్ని చీటింగ్ కేసులున్నాయో ముందు రాసి తర్వాత పతకం గురించి రాస్తారా?

ఆ ముద్ర ఎలా పడిందో ఈ పేజీ చదివే చిన్నవాళ్లకి తెలియాలి. 1871లో బ్రిటిషువాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ విస్తరించారు. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకొని ఊరూరా తిరిగి అమ్ముకునే ఎరుకుల కుటుంబాలకి రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. పొట్ట కోసం తిరిగేవాళ్ల మీద పుట్టుకతోనే దొంగలు అని చట్టం రాశారు. తర్వాత కొన్నేళ్లకే సాల్వేషన్ ఆర్మీ చేతిలో సెటిల్‌మెంట్ పెట్టి, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే తెల్ల అధికారి పేరు ఊరికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. చీరాల పొగాకు కంపెనీకి చవగ్గా కూలీలు దొరికారు. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. మాట మాత్రం రద్దు కాలేదు. 1991లో సినిమా పేరు "స్టువర్టుపురం పోలీస్ స్టేషన్". 2023లో "టైగర్ నాగేశ్వరరావు". ఆ సినిమా టీజర్ మీద మనవాళ్లు హైకోర్టు దాకా వెళ్లారు. ఊరి పేరు మీద డబ్బులు చేసుకున్న సినిమాలు ఇన్నున్నాయి. ఆ ఊరి వెయిట్‌లిఫ్టర్ మీద ఒక్కటి తీయొచ్చుగా?

ఈ ముద్ర ఆటలో ఎక్కడ అడ్డొస్తుందో చెప్తాను. నేను డిగ్రీలో ఉండగా కాలేజీల మీట్‌కి వెళ్లాం. రాత్రి పడుకోవడానికి ఒక హాలు ఇచ్చారు. పక్క టీము కుర్రాళ్లు మాది ఏ ఊరో అడిగారు, చెప్పాం. కాసేపటికి వాళ్ల బ్యాగులన్నీ తీసుకెళ్లి వాళ్ల సార్ గదిలో పెట్టుకొచ్చారు. గొడవ లేదు, తిట్టు లేదు. మాతో వచ్చిన ఒక తమ్ముడు ఆ రాత్రి సరిగ్గా పడుకోలేదు. తెల్లారి అతనికి నాలుగు వందల మీటర్ల హీట్ ఉంది. టైమ్ కీపర్ దగ్గర ఉన్న గడియారం అతని పరుగు కొలిచింది గానీ, ఆ రాత్రిని ఏ గడియారం కొలుస్తుంది?

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పొగిడే ముద్ర. "మీవాళ్లకి పుట్టుకతోనే బలం, అడవి బిడ్డలు కదా, పరిగెత్తడం రక్తంలోనే ఉంటుంది." పుట్టుకతో దొంగ అన్నవాడూ, పుట్టుకతో పరుగు వీరుడు అన్నవాడూ ఒకే బడిలో చదివారని నాకు అనిపిస్తుంది. రక్తంలోనే ఉంటే ఇక కోచ్ ఎందుకు, గుడ్డు ఎందుకు, గ్రౌండ్ ఎందుకు? పొగడ్తతోనే మన చేతికి రావాల్సింది ఆపేస్తారు. నల్లమల చెంచు తమ్ముడు విల్లు బాగా వేస్తాడని టూరిస్టులు ఫోటోలు తీసుకుంటారు. ఇవాళ పోటీల్లో వాడే కాంపౌండ్ విల్లు పూర్తి కిట్‌తో లక్షల్లో ఉంటుంది. వెదురు విల్లు పట్టిన చేతికి ఆ విల్లు ఎవరో ఒకరు ఇవ్వాలి, నేర్పించాలి, ఏళ్ల తరబడి తిండి పెట్టాలి. 1980ల్లో కేంద్రం ప్రత్యేక పథకం పెట్టి ఆదివాసీ ప్రాంతాల్లో వెతికితేనే రాజస్థాన్ నుంచి లింబారామ్ దొరికాడు. వెతికారు కాబట్టి దొరికాడు.

ఒడిశా సుందర్‌గఢ్ చూడండి. హాకీ అక్కడ రక్తంలో పుట్టలేదు. పంపోష్‌లో స్పోర్ట్స్ హాస్టల్ పెట్టారు, ఊరూరా పిల్లల టోర్నమెంట్లు నడిచాయి, గ్రౌండ్లు వచ్చాయి. అక్కడి నుంచే దిలీప్ టిర్కీ భారత కెప్టెన్ అయ్యాడు, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడే అయ్యాడు. 2023 జనవరిలో రూర్కెలాలో బిర్సా ముండా పేరుతో స్టేడియం కట్టారు. మన దగ్గర ఆదివాసీ పేరుతో ఉన్న స్టేడియం ఒకటి చెప్పండి చూద్దాం. ఝార్ఖండ్ సిమ్‌డేగా నుంచి సలీమా టేటే 2024లో మహిళల జట్టు కెప్టెన్ అయింది. మన దగ్గర కూడా ఒకసారి ప్రభుత్వం పూనుకుంది. గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ, నిజామాబాద్ జిల్లా ఆదివాసీ బిడ్డ, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. రాష్ట్రం విడిపోవడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇప్పించి, డార్జిలింగ్ పంపి, ఖర్చు పెట్టారు కాబట్టి ఎక్కింది.

మైదాన ప్రాంతం మనవాళ్లకి ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఏకలవ్య గురుకులాల నిబంధన ప్రకారం, ఒక బ్లాకులో ఎస్టీలు సగం కంటే ఎక్కువ ఉండాలి, 20,000 మంది ఉండాలి. పాడేరుకి, అరకుకి అది సరిపోతుంది. మనం ఎలా ఉంటాం? ఊరి చివర పాతిక గుడిసెలు, కాలవ గట్టున పది ఇళ్లు, మరో ఊరి చెరువు కింద ఇంకో పదిహేను. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం మొత్తం తిరిగితే లక్షల్లో ఉంటాం, ఏ ఒక్క మండలంలోనూ సగం కాలేం. యానాదుల ఐటీడీఏ నెల్లూరులో, చెంచుల ఐటీడీఏ శ్రీశైలంలో. మధ్యలో ఉన్న సుగాలీ, ఎరుకుల పిల్లవాడు ఏ ఆఫీసు మెట్లెక్కాలి?

కాగితాలు అన్నిటికన్నా ముందున్న హర్డిల్. చాలా యానాది కుటుంబాల్లో పిల్లలకి పుట్టిన తేదీ కాగితం ఉండదు. కాగితం లేక ఆధార్ లేదు, ఆధార్ లేక కుల ధ్రువీకరణ లేదు. అండర్-14 పోటీకి వయసు రుజువు అడుగుతారు. వయసు మోసాలు జరుగుతాయి కాబట్టి అడగాల్సిందే, అది న్యాయమే. కానీ వయసు దాచినవాడి దగ్గర చక్కటి సర్టిఫికెట్ ఉంటుంది, వయసు నిజంగా పద్నాలుగు ఉన్న మన పిల్ల దగ్గర ఏమీ ఉండదు. ఆపేది ఎవర్ని?

ఇప్పుడు ఉద్యోగాల సంగతికి వస్తాను, ఎందుకంటే మనలో చాలామందికి ఆటంటే పతకం కంటే ముందు బతుకు. 2024 నవంబరులో వచ్చిన రాష్ట్ర క్రీడా విధానం ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే 421 ఈ కోటాకి ఇచ్చారు, ఆటల సర్టిఫికెట్ల మెరిట్ మీద. మంచి నిర్ణయం, నేను వ్యతిరేకిని కాదు. కానీ ఆ సర్టిఫికెట్ ఎక్కడ పుడుతుంది? గుర్తింపు ఉన్న అసోసియేషన్ పెట్టిన రాష్ట్ర, జాతీయ పోటీల్లో. ఆ టీములోకి ఎంపిక జిల్లా స్థాయిలో, ఒక ఆదివారం పొద్దున్న, ఒక కాలేజీ గ్రౌండ్లో. ఆ ఎంపిక ఉందనే కబురు ఎవరి వాట్సాప్ గ్రూపులో వస్తుంది? పొద్దున ఏడింటికి అక్కడుండాలంటే ముందు రోజు రాత్రే బయల్దేరాలి. ఛార్జీలు, ఎంట్రీ ఫీజు, జెర్సీ. ఇక్కడ తెగిపోయిన దారం ఐదేళ్ల తర్వాత టీచర్ ఉద్యోగం దగ్గర కనపడుతుంది, అప్పుడు "మీవాళ్లలో అర్హులు రాలేదండి" అంటారు. పైన కోటా ఎంత పెంచినా కింద నిచ్చెన మెట్టు లేకపోతే అది మనకి కాదు, ఇప్పటికే పైన ఉన్నవాళ్లకే ఇంకో మెట్టు.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. క్రీడా సంఘాల కార్యవర్గాల్లో కనీసం నలుగురు మహిళలు ఉండాలి, పేరున్న క్రీడాకారులు ఉండాలి అంది. స్వాగతిద్దాం. మహిళలకి సీటు రాసినప్పుడు ఆటలోకి రాజకీయాలు వచ్చేశాయని ఎవరూ ఏడవలేదు కదా. అదే చట్టంలో ఎస్టీకి, ఎస్సీకి ఒక సీటు రాయడానికి చెయ్యి ఎందుకు ఆడలేదు?

మన పెద్దాయన ఒకరున్నారు. జైపాల్ సింగ్ ముండా. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ టీము కెప్టెన్. దేశానికి మొదటి ఒలింపిక్ హాకీ బంగారం ఆ టీముదే. అప్పటికి ఆయన ఆక్స్‌ఫర్డులో ఐసీఎస్ శిక్షణలో ఉన్నాడు, సెలవు ఇవ్వకపోయినా ఆడడానికి వెళ్లాడు. లీగ్ మ్యాచులు గెలిపించాక గొడవ వచ్చి ఫైనల్ ఆడకుండానే వచ్చేశాడు. ఆ మనిషే 1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షుడయ్యాడు, తర్వాత రాజ్యాంగ సభలో కూర్చొని మన కోసం మాట్లాడాడు. ఆట వేరు, హక్కులు వేరు అని ఆయన్ని ఎవరూ నమ్మించలేకపోయారు. మన హాస్టళ్ల గోడల మీద సచిన్ బొమ్మ ఉంటుంది, ధోనీ బొమ్మ ఉంటుంది. పక్కన ఆయన బొమ్మ కూడా పెట్టండి, పెయింటు డబ్బా ఖర్చే.

సరే, ఇప్పుడు చెయ్యాల్సిన పని.

తేదీల గురించి ముందు అడుగుదాం. ప్రభుత్వం ఏ పేరుతో పోటీలు పెట్టినా, మన జిల్లాల్లో గ్రామ, మండల స్థాయి ఆటలు జూలై, ఆగస్టుల్లో అయిపోవాలి. అప్పుడు కలుపు పనులుంటాయి, నాకూ తెలుసు. కానీ అప్పుడు మనం ఊళ్లోనే ఉంటాం, సాయంత్రానికి ఇంటికొస్తాం. మండలం దాటి ఆడే ప్రతి రోజుకీ ఉపాధి హామీ కూలితో సమానమైన డబ్బు ఆటగాడి చేతికి ఇవ్వాలి. ఇది దానం కాదు, కూలి పోగొట్టుకొని ఆడేవాడికి పరిహారం. వలస పిల్లల సీజనల్ హాస్టళ్లకి ఒక పీఈటీని, రెండు బంతుల్ని, రోజుకో గుడ్డుని కలపమని కూడా అడుగుదాం. వయసు రుజువుకి ఆధార్ లేని పిల్లలకి హెడ్మాస్టర్ అడ్మిషన్ రిజిస్టర్ కాపీ చాలని ఉత్తర్వు కావాలి.

అడిగేముందు లెక్క చేతిలో ఉండాలి. క్రీడా సంఘాలని అడిగితే మేము ఆర్టీఐ కిందికి రామంటారు. జిల్లా క్రీడాభివృద్ధి అధికారి, జిల్లా విద్యాశాఖ అధికారి తప్పకుండా వస్తారు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఆర్టీఐ ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లాలో 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి: గత మూడేళ్లలో స్కూల్ గేమ్స్ జిల్లా టీములకి ఎంపికైన పిల్లల జాబితా, వాళ్లలో ఎస్టీలెందరు, బాలికలెందరు. ఎస్టీ హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో మంజూరైన పీఈటీ పోస్టులెన్ని, ఖాళీలెన్ని. ఏ హాస్టల్‌కి సొంత గ్రౌండ్ ఉంది, లేనిదానికి ఎంత దూరంలో ఉంది. ఆటల సామానుకి ఏ ఏడాది ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది. పిల్లల పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు.

తెలుగులోనే రాయండి, తెల్ల కాగితం మీద. మీ పేరుతో పంపడానికి ఇబ్బందైతే పక్క మండలం అన్న పేరుతో పంపండి, రసీదు ఫోటో తీసి పెట్టుకోండి. పల్నాడు ఒకరు, బాపట్ల ఒకరు, గుంటూరు ఒకరు, ప్రకాశం ఇద్దరు తీసుకుంటే సరిపోతుంది, ప్రకాశం పెద్దది కాబట్టి. నవంబరు దాటకముందే దరఖాస్తులు పడాలి. జవాబులు వచ్చేసరికి డిసెంబరు అవుతుంది. ఆ తర్వాత మళ్లీ మనం దొరకం, కోతల్లో ఉంటాం.